పాత లారీ కాటాకు కొత్త దారి: మోక్సా ఎన్‌పోర్ట్ 5110 సమీక్ష

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ గ్రానైట్ యూనిట్లలోనూ కాటా గదిలోకి వెళ్లి చూస్తే, ఎర్రటి అంకెలు వెలిగే బరువు ఇండికేటర్ ఒకటి బల్లమీద కనిపిస్తుంది. దాని వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ సాకెట్, అంటే సమాచారాన్ని ఒక్కో బిట్‌గా వరుసగా పంపే పోర్టు, ఉంటుంది. ఆ సాకెట్‌కు మూలమైన ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో వచ్చింది. ఇండికేటర్ ఇప్పటికీ దిట్టంగానే పనిచేస్తుంది, ఇనుప దూలాల కింద బరువును పసిగట్టే లోడ్ సెల్స్ కూడా బాగానే ఉంటాయి, కానీ గదిలోని పాత కంప్యూటర్ చెడిపోయి కొత్తది తెచ్చిన రోజున దానికి ఆ సాకెట్ ఉండదు. అప్పుడు ఎవరో ఒకరు ఇండికేటర్‌నే మార్చేద్దామంటారు. మార్చితే తూనికలు కొలతల శాఖవారి చేత మళ్లీ పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవాలి, సీజను మధ్యలో ఆ పని పెట్టుకోవడానికి ఏ యజమానీ ఇష్టపడడు. ముద్రను ముట్టుకోకుండా, ఇండికేటర్ చెప్పే అంకెలను మాత్రం నెట్‌వర్క్ మీదికి తీసుకురాగల పరికరం కావలసి వచ్చేది ఇక్కడే. ఇలాంటి చోట్ల కంప్యూటర్ల పనులు చూసేవాడిగా నేను వాడిన మోక్సా ఎన్‌పోర్ట్ 5110 గురించి ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇది అరచేతిలో ఇమిడే లోహపు పెట్టె. ఒక వైపు తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 పోర్టు, మరో వైపు నెట్‌వర్క్ తీగ గుచ్చే 10/100 ఈథర్నెట్ పోర్టు, 12 నుంచి 48 వోల్టుల డీసీ సరఫరాకు ఒక సాకెట్ ఉంటాయి. సీరియల్ వేగం సెకనుకు 110 నుంచి 2,30,400 బిట్ల వరకు పెట్టుకోవచ్చు. లోపల తెర లేదు, వైఫై లేదు. తయారుచేసే మోక్సా తైవాన్ కంపెనీ. ఇదే వరుసలో ఆర్‌ఎస్-422, 485 అనే వేరే సీరియల్ ప్రమాణాల పరికరాలకు 5130, మూడింటికీ పనికొచ్చేలా 5150 ఉన్నాయి కాబట్టి, కొనేముందు మన పరికరం ఏ రకమో తెలుసుకుని చెప్పాలి. పోర్టు ఆకారం చూసి ఆర్డరు పెడితే తప్పు పెట్టె వచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే కొన్ని 485 పరికరాలకు కూడా అదే తొమ్మిది పిన్నుల సాకెట్ ఉంటుంది.

తిరుపతిలో కంప్యూటర్ దుకాణానికి వెళ్లి సీరియల్ అని అడిగితే ముందుగా చేతిలో పెట్టేది యూఎస్‌బీ మార్పిడి కేబుల్. ఇండికేటర్ పక్కనే కంప్యూటర్ ఉంటే, నెట్‌వర్క్ అవసరం లేకపోతే, అది చాలు. అయితే ఆ కేబుళ్లలో చాలావాటిలో ఉండే పీఎల్2303 రకం పాత చిప్పులకు, వాటి నకిలీలకు కొత్త విండోస్‌లో డ్రైవర్ పనిచేయదు. ఆ చిప్పు 2012 నుంచి నిలిపివేయబడిందని పరికరాల జాబితాలోనే రాసి చూపిస్తుంది. అదీగాక యూఎస్‌బీ కేబుల్‌ను ఒక సాకెట్ నుంచి తీసి పక్క సాకెట్‌లో పెడితే కామ్ పోర్టు (విండోస్ సీరియల్ పోర్టుకు ఇచ్చే పేరు) నంబరు మారిపోవచ్చు, మర్నాడు ఉదయం కాటా ప్రోగ్రాము తెరుచుకోగానే బరువు రాదు. ఎన్‌పోర్ట్ విషయంలో ఈ బెడద లేదు. రియల్ కామ్ అనే పద్ధతిలో దాని డ్రైవర్ విండోస్‌లో మనం చెప్పిన నంబరుతోనే కామ్ పోర్టును సృష్టిస్తుంది. కామ్1 నుంచి కామ్4 వరకే తెలిసిన విజువల్ బేసిక్ కాలపు కాటా ప్రోగ్రాములకు కామ్2 అని ఇస్తే చాలు, అసలు పోర్టు మరో గదిలో ఉందన్న సంగతి ఆ ప్రోగ్రాముకు తెలియదు. లైనక్స్‌కు కూడా ఇలాంటి డ్రైవర్ ఇస్తారు.

పెట్టెకు కంపెనీ పెట్టి పంపే చిరునామా 192.168.127.254. మన ఆఫీసు నెట్‌వర్క్ సాధారణంగా ఆ శ్రేణిలో ఉండదు కనుక, కంపెనీ ఇచ్చే వెతుకులాట ప్రోగ్రాముతో పెట్టెను పట్టుకుని చిరునామా మార్చుకోవాలి. ఆ తరవాత సెట్టింగులన్నీ బ్రౌజర్‌లోనే. అమరిక ఇంతవరకు సులభమే, అసలు శ్రమ ఇండికేటర్ వైపు ఉంది.

ఇండికేటర్ ఏ వేగంతో, ఏ పారిటీతో (తప్పు పట్టడానికి ప్రతి అక్షరం వెంట చేర్చే బిట్) మాట్లాడుతుందో దాని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ మాన్యువల్ దొరకదు. అలాంటప్పుడు అందరూ వేగం 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అని మొదలుపెడతారు. వేగం తప్పయితే తెరమీద పూర్తిగా చెత్త కనిపిస్తుంది కాబట్టి అది తేలిగ్గా పట్టుబడుతుంది. వేగం సరిపోయి పారిటీ తప్పినప్పుడే చిక్కు. ఇండికేటర్ ఏడు బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతూ ఉండగా మనం ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అని పెడితే, 0, 3, 5, 6, 9 అనే అంకెలు శుభ్రంగా వస్తాయి. 1, 2, 4, 7, 8 మాత్రం విచిత్రమైన గుర్తులుగా మారతాయి. కారణం సరళమైనదే: శుభ్రంగా వచ్చే అయిదు అంకెల ఆస్కీ సంకేతాల్లో (కంప్యూటర్ అక్షరాలకు వాడే సంఖ్యల్లో) ఒకట్ల సంఖ్య సరి, కనుక పారిటీ బిట్ సున్నా అయి ఎనిమిదో బిట్‌గా చేరినా హాని లేదు, మిగతా అయిదింటిలో బేసి, కనుక ఆ బిట్ ఒకటై అక్షరాన్నే మార్చేస్తుంది. ఖాళీ కాటా మీద అన్నీ సున్నాలే కనిపిస్తాయి కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకుని పెట్టె బిగించి వెళ్లిపోయేవారున్నారు. లారీ ఎక్కాకగాని గుట్టు బయటపడదు. అమర్చిన వెంటనే ఒక బండిని ఎక్కించి చూడమనడం ఇందుకే.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యమైనది, దీనివల్ల డబ్బు పోతుంది. సీరియల్ లైను మీద బరువు అక్షరాల వరుసగా, ఒకదాని వెంట ఒకటి వస్తుంది. 2400 వేగంలో ఒక్కో అక్షరానికి నాలుగు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. పాత కంప్యూటర్‌లో ఆ అక్షరాలు తీగ మీద వచ్చినట్టే వచ్చేవి. ఈథర్నెట్‌లో అవి ప్యాకెట్లుగా కట్టబడతాయి, ఒక ప్యాకెట్ ఎక్కడ ముగియాలో పెట్టెకు తనంతట తాను తెలియదు. ఒక ఫ్యాక్టరీలో కాటా దగ్గరున్న కుర్రవాడు, "సార్, అప్పుడప్పుడు ముందరి అంకె ఒకటి తగ్గతా ఉంది" అని ఫోన్ చేశాడు. 18,450 కిలోల లారీకి తెరమీద 8,450 చూపింది. మొదటి అంకె 1 ముందు ప్యాకెట్‌తో వెళ్లిపోయింది, ప్రోగ్రాము రెండో ప్యాకెట్‌ను పూర్తి బరువనుకుంది. 184 అని చూపి ఉంటే ఎవరైనా తప్పని గుర్తిస్తారు, కానీ 8,450 ఖాళీ లారీకి ఉండదగిన బరువే. 2025 సీజనులో తోతాపురి మామిడికి కిలోకు 12 రూపాయలు అని నిర్ణయించి, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం ఇచ్చేలా ఏర్పాటు చేసిన సంగతి ఈ జిల్లాలో అందరికీ తెలుసు. ఆ లెక్కన ఇలాంటి ఒక్క స్లిప్పు తప్పితే తేడా 1,20,000 రూపాయలు, రైతు గేటు దగ్గరే నిలదీస్తాడు, అడగడం న్యాయం కూడా.

దీనికి మందు పెట్టెలోనే ఉంది. డేటా ప్యాకింగ్ అనే విభాగంలో డెలిమిటర్ (ముగింపు గుర్తు) అని ఒక గడి ఉంటుంది. ఇండికేటర్ ప్రతి బరువు చివర పంపే క్యారేజ్ రిటర్న్ అక్షరాన్ని, అంటే పదహారు ఆధారంగా రాసే హెక్స్ పద్ధతిలో సున్నా డీని (0D), అక్కడ రాసి ఆన్ చేస్తే, ఆ అక్షరం వచ్చేదాకా ఆగి బరువును ఒకే ముక్కగా పంపుతుంది. ఈ సౌకర్యం ఉన్నందుకే నేను చవక పెట్టెల కంటే దీనివైపు మొగ్గుతాను. అయినా ప్రోగ్రాము రాసినవారు మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు దాకా వచ్చిందో లేదో చూసుకోకుండా దొరికిన అక్షరాలను బరువుగా తీసుకుంటే, దోషం అక్కడే ఉంది, పెట్టె దాన్ని కప్పిపుచ్చగలదే తప్ప సరిదిద్దలేదు.

మరో మంచి సౌకర్యం, గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య ఒకటి కంటే ఎక్కువ పెట్టుకోగలగడం. గేటులోనూ అకౌంట్సులోనూ ఒకే బరువును ఒకేసారి చూడవచ్చు. పాత పద్ధతిలో దీనికోసం తీగను చీల్చి రెండు కంప్యూటర్లకు కట్టేవారు, అలా కట్టినవి ఇంకా కొన్ని చోట్ల ఉన్నాయి.

తీగల గురించి ఒక మాట. ఆర్‌ఎస్-232 కేబుల్‌ను పదిహేను మీటర్లకు మించి లాగకూడదని వాడుకలో ఉన్న నియమం. ఈథర్నెట్ రాగి తీగ 100 మీటర్లు వెళుతుంది కనుక, పెట్టెను కాటా గదిలోనే ఇండికేటర్ పక్కన ఉంచి అక్కడినుంచి ఈథర్నెట్ లాగడం సబబు. అయితే కాటా గది ఒక ఎర్తింగ్ మీద, ఆఫీసు మరో ఎర్తింగ్ మీద ఉంటే, మే నెలలో పిడుగు దగ్గరలో పడినప్పుడు ఆ రాగి తీగే రెండు వైపుల పరికరాలకూ ప్రాణగండం. రెండు భవనాల మధ్య ఫైబర్ వేసి రెండు వైపులా మీడియా కన్వర్టర్లు (రాగి తీగ సంకేతాన్ని ఫైబర్‌కు మార్చే పెట్టెలు) పెట్టడానికయ్యే ఖర్చు ఇండికేటర్ మరమ్మతు ఖర్చు ముందు చిన్నదే.

ఇక డయల్-అప్, అంటే ఫోన్ లైను మీద యంత్రాలు మాట్లాడుకునే పద్ధతి, సంగతి. కొన్ని ఫ్యాక్టరీల్లో, శీతల గిడ్డంగుల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే పాత యంత్రాలు రాత్రిపూట మోడెమ్‌తో ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేసి లెక్కలు అప్పగించేవి. ఫోన్ లైను రాగి నుంచి ఫైబర్‌కు మారాక అవి మొండికేశాయి. మోడెమ్ గొంతు వినిపిస్తుంది, అవతలివైపు ఎత్తుతుంది, కొద్దిసేపటికి తెగిపోతుంది. ఫైబర్ మీద వచ్చే ఫోన్ మాటను చిన్న ప్యాకెట్లుగా కోసి పంపుతుంది. మధ్యలో ఒక ప్యాకెట్ పోయినా మనిషి చెవి గమనించదు, కానీ 33,600 వేగంతో మాట్లాడే వీ.34 ప్రమాణపు మోడెమ్‌కు అది లైను తెగినంత పని. జీ.729 వంటి పద్ధతిలో గొంతును కుదించి పంపితే మోడెమ్ సంకేతం అసలు బతకదు. అంతగా కుదించని జీ.711 అయితే, వేగం బాగా తగ్గించి పెడితే కొంత నిలుస్తుంది, దాన్ని నమ్ముకుని లెక్కలు పంపడం మాత్రం మంచిది కాదు.

ఎన్‌పోర్ట్ 5110లో ఈథర్నెట్ మోడెమ్ అనే పద్ధతి ఉంది. యంత్రం దృష్టిలో పెట్టె ఒక మోడెమ్. హేస్ కంపెనీ 1981లో తెచ్చిన ఏటీ ఆదేశాలనే ఇది కూడా వింటుంది. నంబరు తిప్పమనే ఏటీడీ ఆదేశం తరవాత ఫోన్ నంబరుకు బదులు అవతలి పెట్టె ఐపీ చిరునామా, పోర్టు నంబరు ఇస్తే, నెట్‌వర్క్ మీద టీసీపీ కనెక్షన్ కలిపి కనెక్ట్ అని జవాబిస్తుంది. రెండు చోట్ల రెండు పెట్టెలు పెడితే, యంత్రంలో ప్రోగ్రామును తాకకుండానే పని జరుగుతుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది కేబుల్: మోడెమ్‌కు వాడిన కేబుల్ నేరుగా ఉండే రకం, ఎన్‌పోర్ట్ పోర్టు కంప్యూటర్ పోర్టులాంటిది కనుక 2, 3 పిన్నులు అడ్డంగా మారిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి, రెండు పరికరాలు సిద్ధమని చెప్పుకునే హ్యాండ్‌షేక్ తీగలు కూడా తగినట్టు కలపాలి. రెండోది, నంబరు నమోదు చేసే గడిలో అంకెలు తప్ప చుక్కలు, కోలన్ ఒప్పుకోని యంత్రాలున్నాయి. అలాంటి యంత్రానికి ఈ పెట్టెను నేను ఎంచుకోను. ఫోన్ నంబరును చిరునామాగా మార్చే పట్టిక ఉన్న మోడెమ్ ఎమ్యులేటర్ వేరే తీసుకోవాలి. ఫోన్ లైనుతో నడిచే పాత కార్డు యంత్రాల జోలికి మాత్రం వెళ్లవద్దు, వాటిని మార్చి ఇవ్వవలసింది బ్యాంకు.

భద్రత విషయంలో ఈ మోడల్ బలహీనం. ఇది సమాచారాన్ని గుప్తీకరించదు, బరువులు నెట్‌వర్క్ మీద తెరిచిన ఉత్తరంలా వెళతాయి. గుప్తీకరణ కావాలంటే ఇదే కంపెనీ 6000 వరుస చూడాలి, దాని ధర వేరు. ఫ్యాక్టరీ గోడల మధ్య ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. తిరుపతిలో కూర్చుని చూడాలని రౌటర్‌లో పోర్టు తెరిచి పెట్టెను ఇంటర్నెట్ మీదికి వదలడం మాత్రం ప్రమాదం. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ విద్యుత్ సంస్థల మీద దాడి చేసినవారు సబ్‌స్టేషన్లలోని ఇలాంటి సీరియల్ మార్పిడి పెట్టెల ఫర్మ్‌వేర్‌నే (లోపలి ప్రోగ్రామునే) చెరిపి, దూరం నుంచి సరఫరా పునరుద్ధరించే వీలు లేకుండా చేశారు. సుమారు 2,25,000 మంది వినియోగదారులు ఆ రోజు చీకట్లో ఉన్నారు. పైగా మన 4జీ సిమ్ రౌటర్లకు సాధారణంగా సొంత పబ్లిక్ చిరునామా ఉండదు కనుక బయటినుంచి లోపలికి రావడం ఎలాగూ కుదరదు. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద గుప్తీకరించిన సొంత దారి) పెట్టుకోవడం ఒక్కటే సరైన మార్గం. పాస్‌వర్డ్ మార్చాలి, దూరం నుంచి ఆదేశాలిచ్చే టెల్నెట్ వంటి అవసరం లేని సేవలు ఆపేయాలి.

తిరుపతి లాడ్జీల్లో పాత ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్ల ఎక్స్చేంజి) నుంచి కాల్ వివరాలు ప్రింటరుకు వెళ్లే సీరియల్ తీగకు కూడా ఇది చక్కగా సరిపోతుంది, అక్కడ పెట్టే సర్వరును పిలిచే టీసీపీ క్లయింట్ పద్ధతిలో వివరాలను నేరుగా సర్వరుకు పంపవచ్చు. మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే ప్రోటోకాల్‌తో మాట్లాడే మీటర్లకు మాత్రం ఈ పెట్టె కాకుండా ప్రత్యేక గేట్‌వే తీసుకోవాలి, ఎందుకంటే ఆ ప్రోటోకాల్‌లో ఒక సందేశం ముగిసిందని తెలిపేది మూడున్నర అక్షరాల కాలం పాటు ఉండే నిశ్శబ్దం, అది నెట్‌వర్క్ మీద నిలవదు. చివరగా కొనేవారికి నా సలహా: పెట్టె అమర్చాక సెట్టింగులను ఫైలుగా ఎగుమతి చేసి దాచండి, కాటా ఒక్కటే ఉన్న ఫ్యాక్టరీ అయితే రెండో పెట్టెను అవే సెట్టింగులు ఎక్కించి బీరువాలో ఉంచండి. జూన్‌లో మామిడి మార్కెట్ ఉన్న బంగారుపాళ్యం దారిలో లారీలు బారులు తీరి ఉన్నప్పుడు కొత్తది కొరియర్‌లో వచ్చేదాకా ఆగే వీలుండదు.