ఐదు నిమిషాల రాతా, ప్రాజెక్టు నివేదికా?

పిల్లలతో తరగతిలోనే ఐదు నిమిషాల చిన్న రాత రాయించాలా, ఇంటి దగ్గర ప్రాజెక్టు నివేదిక చేయించాలా? తిరుపతిలో ఏ బడి స్టాఫ్‌రూముకు వెళ్లినా ఈ తర్జనభర్జన వినిపిస్తుంది.

ఖర్చు: చిన్న రాతకు నోటుపుస్తకంలో సగం పేజీ. ప్రాజెక్టుకు చార్టులు, రంగులు, ప్రింట్లు, భారం ఇంటివాళ్లదే.

దిద్దుబాటు: నలభై చిన్న రాతలు ఒక ఖాళీ పీరియడ్‌లో అయిపోతాయి. చదివి, పక్కన ఒక ప్రశ్న రాస్తే చాలు; అక్షరదోషాల వేట అక్కర్లేదు. నివేదికకైతే పరిశీలనకు ఎన్ని మార్కులో, వివరణకు ఎన్నో, భాషకు ఎన్నో ముందే చెప్పాలి. లేకపోతే అందమైన అట్టకే మార్కులు పడతాయి.

ప్రమాదం: నివేదికలు ఇంటర్నెట్ షాపులో తయారవుతాయి. ఇద్దరి నివేదికల్లో ఒకే అచ్చుతప్పు నేనే చూశాను! చిన్న రాతకు ఆ బెడద లేదు, లోతూ లేదు.

గణితంలో ‘భిన్నాల భాగహారంలో రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేశాం?’ అని రాయిస్తే ఎవరికి అర్థం కాలేదో ఇట్టే తెలుస్తుంది. చంద్రగిరి కోట చూసొచ్చిన పిల్లలకు చిన్న రాత సరిపోదు. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన అక్కడి రాజమహల్ గురించి రాయాలంటే బొమ్మ, వారం గడువు కావాలి.

పాఠం మధ్యలో ఉంటే చిన్న రాత, మార్కులు వేయకుండా. పిల్లలు కళ్లారా చూసింది ఉంటే నివేదిక. తరగతిలో అరవై మంది ఉంటే నలుగురికి కలిపి ఒక నివేదిక ఇవ్వండి.