గోడాట్ 4తో వీఆర్‌లో పిచ్చుక గూళ్లు: ఒక్కరే చేసేవాళ్ల కోసం రివ్యూ

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టు నీడలో కూర్చుని, చేతులతో ఇసుక తోడుకుంటూ పిచ్చుక గూళ్లు కట్టే వీఆర్ శాండ్‌బాక్స్. స్కోరు లేదు, టైమర్ లేదు. పాలమూరులో ఒక్కరే కూర్చుని మెటా వీఆర్ హెడ్‌సెట్ క్వెస్ట్ 2కు ఇలాంటిది చేయాలంటే, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ ఇంజిన్ చాలు. ఇసుక దగ్గర కొంచెం సతాయిస్తుంది, మర్రిచెట్టు దగ్గర చుక్కలు చూపిస్తుంది.

పైసా ఖర్చు లేదు. ఆటను హెడ్‌సెట్‌తో మాట్లాడించే ఓపెన్‌ఎక్స్‌ఆర్ 4.0 నుంచి ఇంజిన్‌లోనే ఉంది. క్వెస్ట్‌కు ఎక్కించడానికి మాత్రం ఓపెన్‌ఎక్స్‌ఆర్ వెండర్స్ ప్లగిన్, ఆండ్రాయిడ్ యాప్ కట్టే పనిముట్లయిన జేడీకే 17 (జావా కిట్), ఆండ్రాయిడ్ ఎస్‌డీకే విడిగా వేసుకోవాలి. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో గ్రేడిల్ బిల్డ్ టిక్ పెట్టి, ఎక్స్‌ఆర్ మోడ్‌ను ఓపెన్‌ఎక్స్‌ఆర్‌కు మార్చాలి. ఇది మరిస్తే ఆట చుట్టూ పరుచుకోదు, ఎదురుగా టీవీ తెరలా తెరుచుకుంటుంది.

ఇసుకను రేణువులుగా చేయబోతే హెడ్‌సెట్ చతికిలపడుతుంది. మీటరు చదరానికి 256×256 హైట్‌మ్యాప్ (ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాసుకునే పట్టిక) చాలు, ఒక్కో గడి దాదాపు 4 మి.మీ. వస్తుంది. ప్రతి ఫ్రేములో మొత్తం 65,536 గడులనూ గోడాట్ సొంత భాష జీడీస్క్రిప్ట్‌తో తిప్పొద్దు. అరచేయి కింద పడే 30×30 గడులనే మార్చాలి. పొడి ఇసుక వాలు సుమారు 34 డిగ్రీలు దాటితే జారుతుంది. అంటే పక్క గడికంటే 2.6 మి.మీ. మించిన ఎత్తులో సగం అటు పంపాలి. తడి ఇసుక కావాలంటే ఆ హద్దు పెంచితే సరి. ఎత్తులను 8 బిట్ బొమ్మలో దాస్తే వాలు మెట్లుమెట్లుగా కనబడుతుంది, దశాంశాలను దాచే ఫ్లోట్ ఫార్మాట్ వాడాలి.

అసలు చిక్కు గూడులోనే ఉంది. కాలు మెల్లగా లాగేశాక లోపల బొయ్యారం, అంటే గుహలాంటి ఖాళీ, మిగిలితేనే అది పిచ్చుక గూడు. హైట్‌మ్యాప్‌లో ఒక చోటుకు ఒకే ఎత్తు, లోపల ఖాళీ కుదరదు. ఆటలో కాలికి బదులు పెట్టిన చేయి బయటికి తీసిన క్షణాన ఆ కుప్పను ముందే చేసిపెట్టిన బోలు మెష్‌తో (3డీ ఆకారంతో) మార్చేయడమే దారి.

గవ్వలు, గులకరాళ్లకు ఫిజిక్స్ (పడటం, ఢీకొనడం లెక్కగట్టే భాగం) కావాలి. గోడాట్‌లో ఫిజిక్స్ సెకనుకు 60 సార్లు నడుస్తుంది, హెడ్‌సెట్ 72 ఫ్రేములు అడుగుతుంది. అందుకే చేతిలో పట్టుకున్న రాయి వణుకుతుంది. ప్రాజెక్ట్ సెట్టింగుల్లో ఫిజిక్స్ టిక్స్‌ను (సెకనుకు ఎన్నిసార్లు నడవాలో ఆ లెక్కను) 72 చేస్తే వణుకు తగ్గుతుంది.

ఇక చెట్టు. మూడెకరాల మర్రికి పారదర్శక ఆకుల పొరలు పేర్చితే ఒకే పిక్సెల్‌ను పదిసార్లు గీయాల్సి వస్తుంది, ఫ్రేముకున్న 13.9 మిల్లీసెకన్లు అక్కడే కరిగిపోతాయి. దగ్గరి కొమ్మలకు నిజమైన ఆకు మెష్‌లను మల్టీమెష్‌తో (ఒకే ఆకారాన్ని ఒకేసారి చాలాచోట్ల గీసే పద్ధతితో) పెట్టి, దూరపు ఊడలన్నీ ఆకాశం బొమ్మ మీదే గీసేయడం మేలు. ఆకుల నీడ ఇసుక మీద కదలాలంటే కదిలే టెక్స్‌చర్ చాలు, నిజమైన షాడోలు దండుగ.

చేతుల ట్రాకింగ్ ఈ ఆటకు అతికినట్టుంటుంది, కానీ రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పడితే తప్పిపోతుంది. దోసిలి పట్టడం మీద ఆట ఆధారపడకూడదు. రాత్రి కరెంటు పోయిందా, కెమెరాలకు గది కనబడదు, ట్రాకింగ్ మొత్తం పోతుంది. పరీక్ష మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో అరగంట ఆపకుండా చేయాలి. చల్లగా ఉన్నప్పుడు 72 ఫ్రేములు ఇచ్చిన సీన్ వేడెక్కాక తడబడితే, ముందు కోయాల్సింది ఆకులనే.