స్కేల్ మోడళ్ల డెకాల్స్‌కు ఇంక్‌జెట్టా, లేజరా?

విమానాల వంటి వాటి చిన్న నమూనాలైన స్కేల్ మోడళ్లకు కావలసిన గుర్తులు, అంకెలు సిద్ధంగా దొరకనప్పుడు ఇంటి ప్రింటర్‌తోనే డెకాల్స్ తయారు చేసుకోవచ్చు. డెకాల్ అంటే ప్రత్యేక కాగితం మీది పలుచని ఫిల్మ్‌పై ముద్రించి, నీళ్లలో ముంచి, మోడల్ మీదికి జార్చి అంటించే బొమ్మ. అయితే ఇంక్‌జెట్ వాడుతున్నామా, లేజర్ వాడుతున్నామా అన్నదాన్ని బట్టి పని తీరే మారిపోతుంది.

ఇంక్‌జెట్ రంగుల ఛాయలను మృదువుగా కలుపుతుంది కనుక, విమానం ముక్కు మీద వేసే బొమ్మల వంటి వాటికి బాగా నప్పుతుంది. కానీ దాని సిరా చాలావరకు నీటికి కరిగేదే. ముద్రించిన కాగితాన్ని పూర్తిగా ఆరనిచ్చి, పారదర్శకమైన యాక్రిలిక్ వార్నిష్‌ను రెండు మూడు పలుచని పూతలుగా స్ప్రే చేయకపోతే, నీళ్లలో ముంచగానే అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. మొదటి పూతనే దట్టంగా కొట్టినా అంతే: ఆ తొందరలోనే నేను ఒక ఎర్రని అంకెను గులాబీ మరకగా మార్చుకున్నాను.

లేజర్‌తో ఈ బాధ లేదు. టోనర్ ప్లాస్టిక్ కలిసిన పొడి. వేడికి కరిగి ఫిల్మ్‌కు అతుక్కుంటుంది కనుక నీటికి చెదరదు, సన్నని అక్షరాలు కూడా పదునుగా వస్తాయి. అయితే లేజర్‌కని తయారైన డెకాల్ కాగితమే వాడాలి, ఎందుకంటే ఇంక్‌జెట్ కాగితం మీది పూత ఆ వేడికి కరిగి ప్రింటర్ లోపల అంటుకుపోవచ్చు. బాగా వంపు తిరిగిన చోట టోనర్ చిట్లే అవకాశమూ ఉంది.

తెలుపు దగ్గర మాత్రం రెండూ చేతులెత్తేస్తాయి. మామూలు ఇంటి ప్రింటర్లలో తెల్ల రంగు ఉండదు. పారదర్శక ఫిల్మ్ మీద ముచ్చటగా కనిపించిన పసుపు రంగు ముదురు ఆకుపచ్చ రంగు వేసిన మోడల్ మీదికి చేరగానే దాదాపు మాయమవుతుంది. తెల్ల ఫిల్మ్ వాడితే బొమ్మ అంచు వెంబడే కత్తిరించుకోవాలి. చిన్న అంకెలకు నా ఓటు లేజర్‌కే.