జేసీ రోడ్డులో కొన్న 2 టన్నుల ట్రాలీ జాకీ: ఎత్తడం సుఖమే, పేచీ దించడంలోనే

బెంగళూరులో కారు స్పేర్ పార్టులంటే జేసీ రోడ్డే. అక్కడ చాలా కొట్ల ముందు ఎర్ర రంగు వేసిన ట్రాలీ జాకీలు (కారుని ఎత్తే, కింద చక్రాలున్న హైడ్రాలిక్ జాకీలు) వరసగా పెట్టి ఉంటాయి, స్టిక్కర్లే వేరు, సరుకు చూస్తే దాదాపు ఒకటే. 2 టన్నులది ప్లాస్టిక్ పెట్టెతో కలిపి మూడు వేల లోపే వచ్చింది. ఆన్‌లైన్‌లో ఇంకొంచెం తక్కువకే దొరుకుతుంది గానీ, ఆయిల్ కారుతోందా, జాకీని దించే రిలీజ్ స్క్రూ సాఫీగా తిరుగుతోందా అని చేత్తో చూసుకుని కొనాల్సిన వస్తువు ఇది. కొట్టాయనతో బేరం తెలుగులోనే నడిచింది. ఎత్తిన కారు బరువు మోయడానికి కింద పెట్టే జాకీ స్టాండ్లు కూడా ఇవ్వమంటే "స్టాండ్లా సార్, అవి ఎవరూ అడగరు" అంటూ అటక మీద నుంచి దుమ్ము దులిపి తీశాడు. అవి లేకుండా ఈ జాకీ కొనకండి, ఎందుకో కింద రాశాను.

ఎత్తే పనిలో వంక పెట్టడానికి లేదు. కారుతో పాటు వచ్చే సిజర్ జాకీ తిప్పి తిప్పి భుజాలు లాగేసేవాళ్లకి దీని విలువ తెలుస్తుంది, హ్యాండిల్ పంపు కొడుతుంటే కారు మూల అలా లేచిపోతుంది. పెట్టే చోటు మాత్రం సరిగ్గా చూసుకోవాలి. ముందు చక్రానికి కాస్త వెనక, వెనక చక్రానికి కాస్త ముందు, డోర్ల కింది అంచు రేకులో రెండేసి గాట్లు ఉంటాయి, వాటి మధ్యనే జాకీ తల ఆనాలి. ఆ తల వట్టి ఇనుము. గాటు ఉన్న రబ్బరు ప్యాడ్ విడిగా కొనుక్కోకపోతే రేకు వంగుతుంది, పెయింట్ లేచిన చోట తుప్పు పడుతుంది. మూడు వేలు తీసుకుంటూ రబ్బరు ముక్క ఇవ్వకపోవడం పిసినారితనమే.

కనీస ఎత్తు 13.5 సెంటీమీటర్లు, గరిష్ఠం 33 దగ్గర. గాలి పూర్తిగా పోయిన టైరు ఉన్న వైపు ప్యాడ్‌తో సహా దూర్చడం కష్టం, ముందు ఆ చక్రాన్ని ఒక చెక్క మీదికి ఎక్కించాలి. పెద్ద ఎస్‌యూవీలకి బరువు పరంగా సరిపోయినా ఎత్తు చాలదు. అందుకని జాకీ తల మీద చెక్క ముక్కలు పేర్చడం లాంటివి మాత్రం వద్దు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ జాకీ చెయ్యి లేచేటప్పుడు విల్లులా వంపు తిరుగుతూ లేస్తుంది, అందుకే కింద చక్రాలు ఇచ్చారు, ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ జాకీ కాస్త ముందుకూ వెనక్కూ కదలాలి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ లాంటి గట్టి, నున్నటి నేల మీద బాగా పనిచేస్తుంది. రోడ్డు పక్కన మట్టిలో చక్రాలు దిగబడి జాకీ వాలుతుంది. ఊరికి వెళ్లే దారిలో, కర్నూలుకి ఇవతల ఎక్కడో పంక్చర్ అయితే పాత సిజర్ జాకీ, దాని కింద వేయడానికో పలక, అవే దిక్కు, కాబట్టి వాటిని డిక్కీలోంచి తీసేయకండి. మా అసోసియేషన్ వాళ్లు పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని బోర్డు పెట్టారు, టైరు మార్చడం రిపేరు కిందికి రాదని సెక్యూరిటీకి ప్రతిసారీ నచ్చజెప్పుకోవాలి, అది వేరే కథ.

ఇక దించడం. పెద్ద గ్యారేజీ జాకీల్లో హ్యాండిల్‌ని ఉన్నచోటే తిప్పితే వాల్వు తెరుచుకుంటుంది. దీనికి హ్యాండిల్ ఊడదీసి, చివర ఉన్న గాటుని రిలీజ్ స్క్రూకి తగిలించి ఎడమవైపుకి తిప్పాలి. ఆ గాటు వదులు. తిప్పితే ఏమీ జరగదు, ఇంకాస్త తిప్పినా ఏమీ జరగదు, సరే అని బలం పెంచేసరికి కారు దబ్బున దిగుతుంది. దీనికి మందు ఒక్కటే, ఆ వదులు పోయి స్క్రూ చేతికి తెలిసేదాకా తిప్పి ఆగాలి, అక్కడి నుంచి గడియారంలో పెద్ద ముల్లు అయిదు నిమిషాల్లో జరిగినంత మేరకే తిప్పాలి. కారు కదలగానే చెయ్యి ఆపేయండి. వేగం ఎక్కువైతే కుడివైపుకి తిప్పితే నిలబడిపోతుంది. ఖాళీ జాకీ మీద ప్రాక్టీసు చేసి వచ్చేసిందనుకోకండి, అప్పుడు తలని లాగేది లోపలి స్ప్రింగే కాబట్టి బద్ధకంగా దిగుతుంది, పైన రెండు మూడొందల కిలోలు ఉన్నప్పుడు అంతే తిప్పుకి లెక్క మారిపోతుంది. సిజర్ జాకీలో ఈ టెన్షన్ లేదు, మనం తిప్పినంతే దిగుతుంది.

దించే ముందు కారు కింది స్టాండు తీయాలి, అందుకు కారుని ఇంకాస్త ఎత్తి, చేతిని కారు కిందికి పోనివ్వకుండా పక్క నుంచి లాగాలి. జాగ్రత్త కోసం కింద పడేసిన పాత టైరూ, వీల్ పానా అన్నీ బయటికి వచ్చాయా, లోపల పిల్లలెవరూ కూర్చోలేదా అని చూసుకున్నాకే స్క్రూ మీద చెయ్యి వేయండి. నట్లు అప్పటికే ఎదురెదురుగా బిగించి ఉండాలి, గట్టి బిగింపు టైరు నేలకి ఆనాకే. టైరు ఆనినా బాడీ ఇంకా దిగుతూనే ఉంటుంది, తొందరపడి జాకీ లాగకండి.

స్టాండ్ల సంగతి చెప్తానన్నాను కదా. కారు ఎత్తి, స్టాండు తలకీ కారుకీ మధ్య వేలు పట్టేంత సందు వదిలి, రాత్రంతా జాకీ మీదే ఉంచి చూశాను. పొద్దున్నకి కారు స్టాండు మీద కూర్చుని ఉంది. ఇదొక్కదాని తప్పే అనను, హైడ్రాలిక్ జాకీ ఆయిల్ ఒత్తిడి మీదా సీళ్ల మీదా ఆధారపడి నిలబడుతుంది, కొద్దికొద్దిగా జారవచ్చు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు.

కొనండి, కానీ బడ్జెట్‌లో స్టాండ్లూ ప్యాడూ కలుపుకుని లెక్క వేసుకోండి. పని అయ్యాక తలని పూర్తిగా దించి, స్క్రూ బిగించి, చక్రాల మీదే పెట్టాలి. ఆయిల్ తగ్గితే జాకీ ఆయిలే పోయాలి, బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు పోతాయి. కొత్తలో పంపు మెత్తగా అనిపిస్తే లోపల గాలి చేరిందన్నమాట, స్క్రూ వదులు చేసి బరువు లేకుండా గబగబా కొన్నిసార్లు పంపు కొట్టి మళ్లీ బిగించండి. అప్పటికీ ఎత్తిన కాసేపటికే జారుతుంటే కొట్టుకి తీసుకెళ్లి మార్చుకోండి, బిల్లు పారేయకుండా ఉంటే.