బెల్జియం బీర్లు: ఏడేళ్లలో నేను దిద్దుకున్న మార్కులు

2018లో ఉద్యోగం మీద లూవెన్‌కు వచ్చాను. ఆ ఏడాది నుంచి తాగిన ప్రతి కొత్త బీరుకూ ఒక నోట్‌బుక్‌లో పదికి ఇన్ని అని మార్కులు వేసుకుంటున్నాను. ఇప్పటికి 160 రకాలు దాటాయి. ఈ మధ్య మొదటి పేజీలు తిరగేస్తే సగానికి పైగా మార్కులు కొట్టేసి, పక్కన మళ్లీ వేసి ఉన్నాయి. నా నాలుకకు అలవాటు కావడం కొంత కారణం. అంతకంటే పెద్ద కారణం, సీసాలో ఉన్న బీరే మారుతూ ఉండటం. ఇక్కడి బీర్లలో చాలా వాటికి ఒక్కసారి తాగి మార్కులు వేస్తే అన్యాయం చేసినట్టే.

ముందు ఓర్వాల్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సంగతి నాకు నేర్పింది అదే. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర అదే పేరుతో ట్రాపిస్ట్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం ఒకటుంది. అక్కడి బ్రూవరీ 1931లో మొదలైంది. సీసా మీద ఉంగరం నోట కరచుకున్న చేప బొమ్మ, ఆల్కహాల్ 6.2 శాతం. మొదటిసారి తాగినప్పుడు నేను రాసుకున్నది: "5. చేదు మాత్రమే. ఇంత పేరెందుకో." తర్వాత లేబుల్ మీద సీసాలో నింపిన తేదీ చూశాను. దాని వయసు రెండు నెలలు.

ఓర్వాల్‌లో మామూలు ఈస్ట్‌తో పాటు బ్రెటనోమైసిస్ అనే మరో ఈస్ట్ వేస్తారు. మామూలు ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలను ఇది నెలల తరబడి నిదానంగా తింటూ పోతుంది. సీసా మూత పడ్డాక కూడా ఈ పని ఆగదు. అందుకే 2019లో ఒకే తేదీ ఉన్న సీసాలు పన్నెండు కొని, కింద సెల్లార్‌లో చీకట్లో నిలబెట్టి, రెండు నెలలకొకటి చొప్పున తీశాను. రెండో నెలలో బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల వాసన, మెంతులు నమిలినంత చేదు. ఎనిమిదో నెలకి ఆ చేదు ఒదిగి, నిమ్మతొక్క లాంటి వాసన వచ్చింది. ఏడాది దాటాక తీసిన సీసాలో పశువుల కొట్టంలో ఎండుగడ్డి వాసన, కొంచెం తోలు వాసన, చివర్లో నాలుక పొడిబారేంత శుభ్రత. తీపి అనేదే లేదు. రెండేళ్లకు చేదు బాగా తగ్గింది, గ్యాస్ పెరిగింది, గడ్డి వాసన ఒక్కటే ముందుకొచ్చింది. నా మార్కులు వరుసగా 7, 9, 9.5, 8.5. పది నుంచి పద్నాలుగు నెలల మధ్య తాగితే దీనికి సాటి లేదని నా గట్టి అభిప్రాయం. కొన్ని కేఫ్‌లలో "పాతదా, కొత్తదా?" అని అడిగి ఇస్తారు. అలా అడిగే చోటు దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగండి.

ఇక లాంబిక్, గ్యూజ్. మొదట్లో వీటికి 4 వేశాను, ఇప్పుడు 9.5. బ్రస్సెల్స్ పక్కన సెన్ నది లోయలో ఈ బీరుకు ఈస్ట్ ఎవరూ వేయరు. ఉడికించిన బార్లీ, గోధుమల రసాన్ని లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పెద్ద తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచుతారు. గాలిలోంచి, కప్పు దూలాల నుంచి వచ్చి పడే సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి. అందుకే చలి నెలల్లోనే కాస్తారు. ఎండాకాలంలో చెడ్డ బ్యాక్టీరియా ఎక్కువ. తర్వాత చెక్క పీపాల్లో ఒకటి నుంచి మూడేళ్లు ఉంచుతారు, అదే లాంబిక్. లేతదీ ముదురుదీ కలిపి సీసాలో పోస్తే గ్యూజ్. లేతదాంట్లో మిగిలిన చక్కెరే సీసాలో గ్యాస్ పుట్టిస్తుంది. 1900 నుంచి నడుస్తున్న కాంటియోన్ అనే బ్రూవరీకి వెళ్తే పీపాల మధ్య సాలెగూళ్లను కూడా తీయరు. పండ్ల ఈగలను సాలెపురుగులు పట్టేస్తాయి కాబట్టి.

నేను పుట్టింది నల్గొండ వైపు. అక్కడ లొట్టిలో మిగిలిన ముందు రోజు తడే కొత్త కల్లుకు తోడు. పొద్దున తియ్యగా దిగిన కల్లు సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. మా ఊళ్లో కల్లు తాగేవాళ్లు ఏ చెట్టుది అని ఎంత అడుగుతారో, ఎప్పుడు దించావని అంతే అడుగుతారు. ఇంత తెలిసి కూడా బెల్జియంలో నేను తేదీ చూడకుండా మార్కులు వేశాను. 2023లో పెదనాన్న మా ఇంటికి వచ్చినప్పుడు ఒక గ్యూజ్ సీసా తీశాను. ఒక గుక్క తాగి, కాసేపు ఊరుకుని, "గిది మూడు దినాల కల్లు బిడ్డా. ఎవరో మంచిగ కాపాడిండ్రు" అన్నాడు. గ్యూజ్ గురించి నేను విన్న మాటల్లో దీనికంటే సరైనది లేదు. చింతచిగురు పులుపు, వెనక పచ్చిమామిడి, తడి చెక్క వాసన. నూనెలో వేగిన మిర్చిబజ్జీతో దీన్ని తాగి చూడండి, ప్రతి గుక్కకూ నోరు మళ్లీ శుభ్రమవుతుంది. పుల్ల చెర్రీలు నానబెట్టి చేసే క్రీక్ మాత్రం ఏడాదిలోపే తాగేయాలి. తర్వాత పండు వాసన పోయి పులుపు మిగులుతుంది. దానికి 8.5.

ట్రాపిస్ట్ మఠాల బీర్లలో అందరూ ముందు అడిగేది వెస్ట్‌వ్లెటెరెన్ 12 గురించే. ఆల్కహాల్ 10.2 శాతం. నేను కొన్నప్పుడు ముందే బుక్ చేసుకుని, కారు నంబరు ఇచ్చి, మఠం దగ్గరికి వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చేది. నేను రెండుసార్లు వెళ్లాను. దగ్గర్లోని వాటౌ ఊళ్లో సింట్ బెర్నార్డస్ అనే బ్రూవరీ ఉంది. 1946 నుంచి 1992 వరకు ఆ మఠం బీరును లైసెన్స్ మీద వీళ్లే కాచేవాళ్లు. వాళ్ల ఆప్ట్ 12 ఈ రోజు ఏ మంచి దుకాణంలోనైనా దొరుకుతుంది. నలుగురం స్నేహితులం రెండింటినీ పేర్లు దాచి, ఒకే రకం గ్లాసుల్లో తాగాం. ఏది ఏదో ముగ్గురు తప్పు చెప్పారు. నేను సరిగా చెప్పాను గానీ, ఎక్కువ మార్కులు ఆప్ట్ 12కే వేశాను: 9, మఠం బీరుకు 8.5. ఆ ప్రయాణం, ఆ పొలాల మధ్య దారి నాకు ఇష్టం. బీరు కోసమే అంత దూరం వెళ్లక్కర్లేదు.

రోష్‌ఫోర్ట్ 10 నా దృష్టిలో ఈ రెండింటికంటే మిన్న. 11.3 శాతం, కాబట్టి సాయంత్రానికి ఒక్క సీసా చాలు. ఎండు ఖర్జూరం, అంజీర, అడుగంటిన బెల్లం పాకం. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే వీటిలో ఏదీ తెలియదు. అరగంట బయట ఉంచాలి. మూడేళ్లు దాచినా చెడలేదు, రుచి ఇంకా మెత్తబడింది. 9.5.

వెస్ట్‌మాలే ట్రిపెల్ దీనికి పూర్తిగా ఎదురు. బంగారు రంగు, 9.5 శాతం, అరటిపండు వాసన, మిరియాల ఘాటు. అన్నీ దాచుకుంటే బాగుంటాయనుకుని దీన్ని కూడా మూడేళ్లు ఉంచాను. ఆ సీసాలో తేనె, తడిసిన అట్టపెట్టె వాసన తప్ప ఏమీ మిగల్లేదు. ఆ రోజు నిజంగా బాధపడ్డాను. కొత్తగా ఉంటే 9. కోడి వేపుడుకు దీన్ని మించిన తోడు లేదు.

మిగతావి త్వరగా చెప్తాను. డువెల్ 8, నురగ అందం కోసమైనా దాని గ్లాసులోనే పోయండి. సేజోన్ ద్యుపోన్ 8.5, చేపల పులుసుతో అద్భుతం. షిమే నీలం 8, రెండేళ్లు ఉంచితే 8.5. రోడెన్‌బాక్ గ్రాండ్ క్రూ 8, పులుపంటే భయపడేవాళ్లు గ్యూజ్‌కు ముందు దీనితో మొదలుపెట్టాలి.

ఒక జాగ్రత్త. ఒక దుకాణంలో అద్దం పక్కన ఎండ పడేచోట పేర్చిన ఆకుపచ్చ సీసాలు నాలుగు కొన్నాను. నాలుగూ కుళ్లు వాసనే. వెలుగు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి ఆ కంపు పుడుతుంది, ఆకుపచ్చ గాజు దాన్ని ఆపలేదు. అల్మారా వెనక నుంచి తీసిమ్మని అడగండి, మొహమాటపడొద్దు.

ఊరికి వెళ్లేటప్పుడు కస్టమ్స్‌లో సుంకం లేకుండా 2 లీటర్ల వరకే తీసుకెళ్లనిస్తారు. 37.5 సెంటీలీటర్ల గ్యూజ్ ఒకటి పెడితే, 33వి నాలుగే పడతాయి. ఈసారి పెట్టెలో పెట్టినవి: పెదనాన్నకు గ్యూజ్, పదకొండు నెలల ఓర్వాల్ రెండు, రోష్‌ఫోర్ట్ 10 ఒకటి, పోయిన నెలలో నింపిన వెస్ట్‌మాలే ట్రిపెల్ ఒకటి.