అమ్మ మోకాళ్ళతో హైదరాబాద్‌లో మూడు రోజులు

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దిగాం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే మా అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఎక్కడికెళ్ళినా నేను ముందు చూసింది మెట్లెన్ని ఉన్నాయి, కూర్చోడానికి చోటుందా అని. కట్టడం గొప్పతనం ఆ తర్వాతే. ఒక్కణ్ణే వెళ్ళుంటే ఇవే చోట్ల గురించి ఇంకోలా రాసేవాణ్ణేమో.

లక్డీకాపూల్‌లో మెట్రో స్టేషన్‌కి దగ్గరగా ఓ లాడ్జిలో దిగాం. ఫోన్‌లో అడిగితే లిఫ్ట్ ఉందన్నారు. ఉంది, కాదనను. కాకపోతే అది మొదలయ్యేదే మొదటి అంతస్తు నుంచి. అక్కడిదాకా పద్నాలుగు మెట్లు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు లిఫ్ట్ ఉందా అని కాకుండా, రోడ్డు మీంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లని అడగండి. వేడినీళ్ళు కూడా తొమ్మిదింటి దాకానే. గది మాత్రం శుభ్రంగా ఉంది. మేం ఎక్కిదిగిన మెట్రో స్టేషన్లన్నిటిలో లిఫ్టులు పనిచేశాయి. ఊరు మొత్తంలో అమ్మకి బాగా నచ్చింది మెట్రోయేనని నా అనుమానం.

మొదటిరోజు గురువారం. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోలో సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళాం. అడిగితే చక్రాల కుర్చీ ఇచ్చారు. అమ్మ "నాకెందుకురా" అంటూనే ఎక్కి కూర్చుంది. నిజాం దగ్గర ప్రధానిగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితాంతం కొంటూపోయిన వస్తువులే ఇక్కడ ఎక్కువ. చాలామంది అన్ని గదులూ చూసెయ్యాలని పరుగెడుతున్నారు. మేం నాలుగైదే చూశాం. ముసుగు రెబెక్కా బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కింది. పాలరాతి మీద పాలరాతితోనే పల్చటి మేలిముసుగు, దాని వెనక మొహం. అమ్మ కుర్చీలోంచి ముందుకి వంగి, "తడిగుడ్డ కప్పినట్టుందే" అంది. ఒకే దుంగలో ముందువైపు జర్మన్ ఫౌస్ట్ కథలోని సైతాను మెఫిస్టోఫిలిస్‌నీ వెనకవైపు అదే కథలోని అమ్మాయి మార్గరెట్టానీ చెక్కిన బొమ్మ ఇంకోటుంది. వెనకాల అద్దం పెట్టారు. మా అమ్మాయి దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది.

ఇక గంటల గడియారం. గంట గంటకీ ఓ బుల్లి మనిషి బయటికొచ్చి, ఎన్నయితే అన్ని గంటలు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి అన్నిటికన్నా ఎక్కువసేపు కొడతాడు కాబట్టి జనమంతా ఆ వేళకే చేరతారు. పావుగంట ముందే వెళ్ళినా చివరి వరసలోనే చోటు దొరికింది. కొట్టడం మొదలవగానే ముందున్నవాళ్ళందరూ ఫోన్లెత్తారు. మాకు ఆ మనిషి కనిపించింది ఎదుటివాళ్ళ ఫోన్లలోనే. "ఒంటిగంటకి ఒక్కటే కొడతాడుగా, అప్పుడు ఖాళీ అవుతుంది, ఆగుదాం" అంది అమ్మ. ఆగాం. నిజంగానే మొదటి వరస దొరికింది.

సాయంత్రం చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. లోపలి మెట్లు ఇరుకు, చుట్లు తిరుగుతూ పోతాయి. ఎదురుగా మనిషొస్తే ఇద్దరిలో ఒకరు గోడకి అంటుకుపోవాల్సిందే. మనల్ని వెళ్ళనిచ్చేది మొదటి అంతస్తు దాకానే. నేనూ మా అమ్మాయీ ఎక్కాం. నాలుగు దిక్కులా రోడ్లు బాగా కనిపించాయి గానీ, పైకెక్కితే చార్మినార్ కనబడదు కదా. కింద నిమ్రా కేఫ్ దగ్గర ఇరానీ చాయ్ పట్టుకుని దానివైపు చూస్తూ నిలబడ్డ మా ఆవిడకే ఎక్కువ గిట్టుబాటైంది. ఆ చాయ్‌కి డికాషన్ వేరుగా, పాలు వేరుగా మరిగిస్తారు. చిక్కబడ్డ పాలు తర్వాత కలుపుతారు. ఉస్మానియా బిస్కట్‌లో తీపి వెనకాల తగిలే ఉప్పు ఆ చిక్కదనానికి బాగా కుదిరింది. లాడ్ బజార్లో మా ఆవిడా అమ్మాయీ లక్క గాజులు బేరమాడి కొన్నారు. బేరం గెలిచామని ఇద్దరూ అనుకుంటున్నారు, నేనేమీ అనలేదు.

శుక్రవారం పొద్దున చౌమహల్లా ప్యాలెస్‌కి బయల్దేరాం. మూసి ఉంది. శుక్రవారం దానికీ సెలవే, సాలార్‌జంగ్‌కీ సెలవే. ముందుగా చూసుకోకపోవడం నా తప్పు. మా ఆవిడ ఆ సంగతి మధ్యాహ్నం దాకా గుర్తుచేస్తూనే ఉంది. గుల్జార్ హౌజ్ దగ్గర బండి మీద వెన్న దోసె తిన్నాక కొంచెం చల్లబడింది. కారప్పొడి, వెన్న ఎక్కడా తగ్గించలేదు. "ఇది అట్టు కాదురా, వెన్నలో వేయించిన వడియం" అని అమ్మ పేరుపెడుతూనే మొత్తం తినేసింది.

మధ్యాహ్నం బిర్యానీకి ఓ పేరున్న హోటల్‌కి వెళ్ళి నలభై నిమిషాలు నిలబడ్డాం. ప్లేట్లు ఖాళీ కాకుండానే బిల్లు తెచ్చి పెట్టారు. పైన అన్నం పొడిపొడిగా, రుచంతా అడుగున. శాకాహారి అయిన అమ్మకి పెట్టిన వెజ్ బిర్యానీ అయితే మసాలా కలిపిన అన్నమే. మర్నాడు టోలీచౌకీలో పెద్ద పేరులేని చోట తిన్నది నాకు ఎన్నో రెట్లు నచ్చింది. పచ్చి మాంసం మసాలాలో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి దమ్ చేసే కచ్చీ బిర్యానీ. ముక్క వేలితో నొక్కితే విడిపోయింది. చివర్లో ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా తెప్పించాం, అది అమ్మ కూడా తింది.

ఆ శుక్రవారం సాయంత్రం బిర్లా మందిర్‌కి వెళ్ళాం. కొండ మీద తెల్ల పాలరాతి గుడి. గుడి మెట్లు నొప్పి లెక్కలోకి రావట, అమ్మ నాకన్నా ముందెక్కింది. ధ్యానానికి ప్రశాంతంగా ఉండాలని అక్కడ గంటలు పెట్టలేదు. దణ్ణం పెట్టుకుని చెయ్యి పైకెత్తి వెతికింది. "మ్యూజియంలో గంట పెట్టి గుళ్ళో తీసేశారేంట్రా!" పైనుంచి హుస్సేన్‌సాగర్, మధ్యలో బుద్ధుడు కనిపించారు. దగ్గరికెళ్ళి ఆ నీటి వాసన భరించడం కన్నా ఇక్కణ్ణుంచే బావుంది. ఫోన్లు కింద ఇచ్చేయాలి కాబట్టి ఫొటోల గొడవ కూడా లేదు.

గోల్కొండకి శనివారం తొమ్మిదిన్నరకే చేరాం. అలా వెళ్ళడమే మంచిదైంది, పదకొండయ్యేసరికి రాళ్ళు కాగిపోయాయి. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కోట కొసన ఉన్న బాలా హిస్సార్‌లో వినబడుతుందంటారు కదా. మాకూ వినబడ్డాయి. కానీ ఎవరు కొట్టినవో తేల్చలేం, కింద వచ్చినవాళ్ళందరూ కొడుతూనే ఉన్నారు. అమ్మకి ఇదంతా అక్కర్లేదు. ఆమె చూడాల్సింది రామదాసు చెర. పైకెళ్ళే దారిలో ఉంది, ఆపుకుంటూ ఆపుకుంటూ అక్కడిదాకా ఎక్కించాం. భద్రాద్రి గుడికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టాడని కంచర్ల గోపన్నని తానీషా పన్నెండేళ్ళు పెట్టించిన చోటు అంటారు. చీకటి రాతి గది, గోడ మీద చెక్కిన దేవుళ్ళు. అమ్మ చెయ్యి గోడకి ఆనించి చిన్నగా కీర్తన అందుకుంది. వెనకాల సెల్ఫీ తీసుకుంటున్న కుర్రాళ్ళు కాసేపు ఆగారు. నేనూ అమ్మాయీ పైదాకా వెళ్ళొచ్చేసరికి అమ్మ ఇంకా అక్కడే, ఎవరో వరంగల్ ఆవిడతో మోకాళ్ళ నూనెల గురించి మాట్లాడుతోంది.

తర్వాత చూసిన కుతుబ్‌షాహీ సమాధులు నిశ్శబ్దంగా, చెట్ల నీడలో ఉన్నాయి. నడక చదునే. జనం గోల్కొండలో పదోవంతు లేరు. పెద్దవాళ్ళున్నవాళ్ళు రెండిట్లో ఒకటే చూడగలిగితే ఇదే చూడండంటాను నేను. అమ్మ ఒప్పుకోదు.

రాత్రి రైల్లో బిస్కట్ డబ్బా కాజీపేట రాకముందే సగమైంది. కింది బెర్తులో మోకాలికి నూనె రాసుకుంటూ అమ్మ అడిగింది: "ఆ మూసేసిన ప్యాలెస్సుకి మెట్లెక్కువుంటాయా?"