రెండు కిలోల యాంకిల్ వెయిట్స్: పొడవాటి పట్టీకే నా ఓటు

యాంకిల్ వెయిట్స్, అంటే వ్యాయామం కోసం కాలికి చుట్టి కట్టుకునే బరువు సంచులు, కొనేటప్పుడు అందరూ కిలోలు చూస్తారు, నేను ముందు పట్టీ పొడవు చూస్తాను. ఒక్కొక్కటి రెండు కిలోలున్న ఈ జత పట్టీ తొడ చుట్టూ కూడా హాయిగా సరిపోతుంది. నాకు ఇవి ఇంతగా నచ్చడానికి కారణం అదే.

పక్కకు తిరిగి పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం తీసుకోండి. కాలు మొత్తం ఒక లీవర్‌లా తుంటి కీలు దగ్గర తిరుగుతుంది. బరువు చీలమండకు కడితే తుంటి నుంచి దూరం దాదాపు 80 సెంటీమీటర్లు. ఈ రెండు కిలోల వల్ల తుంటి మీద పడే టార్క్ (కాలిని తిప్పే ప్రభావం, అంటే బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది) సుమారు 16 న్యూటన్ మీటర్లు. మోకాలికి కాస్త పైన కడితే దూరం సగమవుతుంది, టార్కూ సగమే. మా అమ్మా నేనూ ఇదే జత వాడుతున్నాం. తను మోకాలి పైన కట్టుకుంటుంది, నేను చీలమండకు. మనిషి మారినప్పుడల్లా సంచిలోంచి ఇనుప గుళ్ల పొట్లాలు తీసి పెట్టే పని లేదు.

కుర్చీలో కూర్చుని మోకాలు చాపే వ్యాయామానికి మాత్రం మోకాలి పైన కడితే ఏమీ లాభం లేదు, తొడ కుర్చీ మీదే ఉంటుంది కదా! కాలి మీద భారం తగ్గాలంటే పిక్క మధ్యలో కట్టాలి. ఈ వ్యాయామం గురించి ఎంత ఆలోచించినా నాకు ఆశ్చర్యమే. చీలమండ దగ్గరి బరువు మోకాలికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, తొడ ముందు కండరం లాగే టెండన్‌కు (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు) మోకాలి కీలు నుంచి దొరికే దూరం సుమారు 4 సెంటీమీటర్లు. అంటే కాలు పూర్తిగా చాపి ఉంచాలంటే ఈ రెండు కిలోల కోసమే కండరం ఇరవై కిలోలంత బలంతో లాగాలి. ఆ నాలుగు సెంటీమీటర్లు కూడా మోకాలి చిప్ప టెండన్‌ను ముందుకు నెట్టి ఉంచడం వల్లే దక్కుతున్నాయి. కాలు వేలాడుతున్నప్పుడు ఈ టార్క్ దాదాపు సున్నా, చాపేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి పైన ఓ క్షణం ఆపి మెల్లగా దించండి, ఊపేస్తే ఫలితం ఉండదు.

చెమట పడితే తొడ మీద పట్టీ కిందికి జారుతుంది. లోపలి గుడ్డ ఇంకాస్త గరుకుగా ఉంటే బాగుండేది. వెల్క్రో గట్టిదే. వీటితో పరుగెత్తవచ్చని పెట్టె మీద రాశారు, నేను ఒప్పుకోను. బరువు రెండింతల దూరంలో ఉంటే కాలు ఊపుకు అది చూపే జడత్వం నాలుగింతలు. ప్రతి అడుగుకూ ఆ ఊపును ఆపాల్సింది తుంటి, మోకాలి కండరాలే.

కొనేముందు మోకాలి పైన మీ తొడ చుట్టుకొలత టేపుతో తీసుకుని, వివరాల్లో ఇచ్చిన పట్టీ పొడవుతో పోల్చుకోండి.